కరెంటు పోతే పట్టే బ్రేకు

హైదరాబాద్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. పది అంతస్తులే. ఇప్పుడు రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వైపు లేచిన టవర్ల పక్కన అది పొట్టిదే. ఈ దారిలో అద్దాలనూ ఎత్తునూ మెచ్చుకునేవాళ్లు బోలెడు మంది. నా మెప్పు మాత్రం పైన మెషిన్ రూమ్‌లో లిఫ్టు మోటారును అంటిపెట్టుకున్న బ్రేకుకే.

కారు బ్రేకు తొక్కితే పడుతుంది. దీని తీరు తలకిందులు. పట్టేది స్ప్రింగు, విడిపించేది కరెంటు. మోటారుతో పాటు తిరిగే డ్రమ్ముకు అటూ ఇటూ రెండు చేతులు, వాటికి లైనర్లు బిగించిన షూలు. స్ప్రింగులు వాటిని ఎప్పుడూ డ్రమ్ముకేసి నొక్కుతూనే ఉంటాయి. లిఫ్టు కదలాలంటే కాయిల్‌కు కరెంటు అంది, అయస్కాంతం ఆ షూలను విడదీయాలి. బయల్దేరే ముందు పైనుంచి వినిపించే ‘టక్’ అదే. కరెంటు పోయినా, వైరు తెగినా చేతులు మూసుకుంటాయి. రెండు చేతులూ వేర్వేరుగా పనిచేయాలన్నది నియమం, ఒకటి మొరాయించినా రెండోది ఆదుకోవాలి కదా!

షూకూ డ్రమ్ముకూ మధ్య సందు మిల్లీమీటరులో కొద్ది వంతే. మెకానిక్ ఫీలర్ గేజ్ దూర్చి చూస్తాడు. సందు ఎక్కువైతే అయస్కాంతం లాగలేక తంటాలు పడుతుంది, పడేటప్పుడు దెబ్బ మోగుతుంది. తక్కువైతే డ్రమ్ము రాసుకుని వేడెక్కుతుంది.

వైరింగులోనూ ఓ సూక్ష్మం ఉంది. కాయిల్‌కు వెళ్లేది సాధారణంగా డీసీ. కరెంటును ఏసీ వైపు మాత్రమే తెంపితే, కాయిల్‌లో మిగిలిన శక్తి రెక్టిఫయరు గుండా తిరుగుతూ నిదానంగా చల్లారుతుంది. ఆలోగా బ్రేకు పడదు. డీసీ వైపు తెంపితే చప్పున పడుతుంది. ఒక్క కాంటాక్టు ఎక్కడ పెట్టామన్నదాని మీద ఇంత తేడా!

ఖాళీ లిఫ్టు బ్రేకు విప్పితే కిందికి జారుతుందనుకుంటాం. జారదు, పైకి పోతుంది! తాళ్ల అవతలి కొసన వేలాడే కౌంటర్ వెయిట్ బరువు ఖాళీ పెట్టె బరువుతో పాటు పూర్తి లోడులో దాదాపు సగం ఉంటుంది. 13 మంది లిఫ్టుకు, మనిషికి 68 కిలోల లెక్కన, లోడు 884 కిలోలు. అంటే ఖాళీగా ఉన్నప్పుడు అవతలి వైపు సుమారు 440 కిలోలు ఎక్కువ. మధ్యలో చిక్కుకున్నవాళ్లను దింపడానికి మెకానిక్ బ్రేకు లీవరును కొద్దికొద్దిగా విప్పుతూ వదిలేది ఇందుకే. ఒకేసారి విప్పితే పెట్టె వేగం అందుకుంటుంది.

ఇంత పనిమంతురాలైన బ్రేకుకు ఇప్పుడు రోజువారీ పని తక్కువే. పాత రెండు స్పీడుల లిఫ్టుల్లో చివరి కుదుపును అదే మింగేది. ఇప్పటి డ్రైవులు మోటారునే సున్నా వేగానికి తెచ్చి నిలబెడతాయి, ఆ తర్వాతే షూలు మూసుకుంటాయి. అయినా దాని బలాన్ని తగ్గించడానికి వీల్లేదు. యూరప్ ప్రమాణం ప్రకారం 125 శాతం లోడుతో పూర్తి వేగంతో కిందికి దిగుతున్న పెట్టెను బ్రేకు ఒక్కటే ఆపగలగాలి. మన 13 మంది లిఫ్టుకైతే 1105 కిలోలు.

ఆరితేరిన మెకానిక్ చూపు ముందు డ్రమ్ము కింద నేల మీద పడుతుంది. అక్కడ నల్లటి పొడి రాలి ఉంటే, షూ పూర్తిగా విడవడం లేదనో, డ్రైవు ఆపాల్సిన బరువును లైనరు ఆపుతోందనో అర్థం. స్పానరు అందుకునేది అది తేలాకే.