నిబంధనకు పరీక్ష పనిరోజుల్లోనే

దేవునితో నిబంధన అన్న మాట మన సంఘాల్లో ఎక్కువగా వినిపించేది బాప్తిస్మంలో, పెళ్లిలో, ప్రభువు బల్ల దగ్గర. మూడూ సాధారణంగా గుడిలో, పదిమంది ఎదుట జరిగేవే. అందుకే కాబోలు, నిబంధన అంటే ఒకనాడు పలికిన మాట అనీ, దాన్ని మనసులో ఉంచుకుంటే చాలనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. దీంతో నేను ఏకీభవించలేను. మాట ఇచ్చింది గుడిలోనే అయినా, అది నిలిచిందో తప్పిందో తేలేది కూలి లెక్క చూసే అరుగు మీద, కాలువ గట్టు మీద, సంతలో కాటా దగ్గర.

దీనికి సాక్ష్యం మన చరిత్రలోనే ఉంది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, 1849లో గురజాలకు వచ్చి పల్నాడులో పని మొదలుపెట్టారు. ఆ తర్వాతి తరంలో ఒంగోలు కేంద్రంగా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు పల్లెపల్లెకూ తిరిగారు. కొత్తగా నమ్మినవారి ముందు వారు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి చిన్నవే. కానీ పిలవగానే వెట్టికి వెళ్లాల్సిన కుటుంబం ఆదివారం రానని చెప్పడమంటే ఊరి పెద్దల ఆగ్రహానికి ఎదురు నిలవడమే. విగ్రహపూజ మానుకుని జాతరలో డప్పు కొట్టనంటే తరతరాల కట్టుబాటును కాదన్నట్టే. చదువు దక్కని ఆ మనుషులు నిబంధనను పుస్తకంలో కాక, వారంలోని ఏడు రోజుల్లో నేర్చుకున్నారు.

వాళ్లు తిండి కోసమే మతం మారారన్న విమర్శ పాతదే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ సమయంలో పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయపు పనులు ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొందరిలో ఆశ ఉండి ఉండవచ్చు. అయితే ఆశతో వచ్చినవాడు కూలి పోగొట్టే నియమాన్ని ఎంతకాలం పాటిస్తాడు?

కృపవల్ల రక్షణ పొందినవారికి మళ్లీ నియమాలేమిటన్నది ఇంకో అభ్యంతరం. నిర్గమకాండం వరుస చూస్తే జవాబు దొరుకుతుంది. దేవుడు ముందు బానిసత్వం నుంచి విడిపించాడు, ఆ తర్వాతే ఆజ్ఞలిచ్చాడు. ఆజ్ఞలు విడుదలకు చెల్లించే వెల కావు, విడుదలైనవాళ్లు బతకాల్సిన తీరు. ఆచరణ అలవాటుగా మారి ఎండిపోతుందన్న భయం మాత్రం నిజమైనదే. ప్రవక్తలూ అదే హెచ్చరిక చేశారు. యిర్మీయా 34వ అధ్యాయంలో యెరూషలేము ప్రజలు తమ దాసులను విడిచిపెడతామని దేవుని మందిరంలో నిబంధన చేసి, విడిచిపెట్టి, మళ్లీ పట్టి దాసులుగా చేసుకున్నారు. ఆరాధనలో లోటు లేదు, మాట తప్పింది పనివాళ్ల విషయంలో. దేవుడు దాన్ని తనతో చేసిన నిబంధనను మీరడంగానే లెక్కగట్టాడు. కాబట్టి ఆచరణలో జీవం ఉందో లేదో తేల్చే కొలత ఒకటే: దానివల్ల మన చేతికింది మనిషికి మేలు జరుగుతోందా?

ఈ కొలత పల్నాడుకు బాగా పనికొస్తుంది. విజయపురి సౌత్ దగ్గర మొదలయ్యే నాగార్జున సాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లు వదిలారు. ఎగువ రైతు తన వంతు దాటి మోటారు పెట్టి తోడితే చివరి భూములు ఎండుతాయి. కూలి విషయమూ అంతే. పేదవాడి కూలి పొద్దుగూకేలోగా ఇచ్చేయమంటుంది ద్వితీయోపదేశకాండం. ఆదివారం తప్పకుండా గుడికి వెళ్తూ, మిరప కోతకు వచ్చిన వలస కూలీల డబ్బు వారాల తరబడి ఆపితే ఆ ఆదివారానికి అర్థం లేదు.

ఒక్కడు పాటిస్తే ఏం మారుతుందని కొందరంటారు. కానీ బైబిల్లో నిబంధన జనమంతా కలిసి చేసేది. 1755లో జాన్ వెస్లీ లండన్‌లో నిబంధనను సామూహికంగా పునరుద్ధరించుకునే ఆరాధన నిర్వహించాడు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఆరాధన క్రమంలోనూ దానికి చోటుంది. మన ప్రతి సంఘం డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఈ పని చేయాలి. కొత్త ఏడాదికి వాగ్దాన వాక్యం తీసుకునే ముందు, ఎవరికి కూలి బాకీ ఉన్నామో, ఎవరి నీటి వంతు తీసుకున్నామో పరిశీలించుకుని, తీర్చే తేదీ అక్కడే నిర్ణయించుకోవాలి. బాకీ తీరాకే నిబంధన కొత్తదవుతుంది.