వంటకా, మందుకా?

ఫలానా దినుసు ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగేవాళ్లు అప్పటికే రెండు మూడు సూపర్ మార్కెట్లు తిరిగి, ఆన్‌లైన్‌లో గాలించి, విసిగిపోయి ఉంటారు. తిండి మీద నాకున్న పిచ్చి తెలుసు కాబట్టి, నా దగ్గర ఏదో రహస్య చిట్టా ఉందనుకుంటారు. చిట్టా గిట్టా ఏమీ లేదు. ఇన్నేళ్ల తిరుగుడులో నాకు పట్టుబడిన కిటుకు ఒక్కటే. దొరకని దినుసు వంట సరుకుల కొట్లో ఉండదు. ఇంకెవరి అవసరం కోసమో, ఇంకో రకం కొట్లో ఉంటుంది.

హైదరాబాదీ నహారీ సంగతే చూడండి. పొట్టేలు కాళ్లు, నాలుక రాత్రంతా సన్నసెగ మీద ఉడికి తెల్లారేసరికి చిక్కటి షోర్వా అవుతుంది. ఆ వాసన గరం మసాలాతో వచ్చేది కాదు. పల్చటి గుడ్డలో మూటగట్టి నీళ్లలో వేసే పోట్లీ మసాలాతో వస్తుంది. అందులో వట్టివేళ్లు, దుంపరాష్ట్రం, రాతిపువ్వు, చలవ మిరియాలు, ఎండు గులాబీ రేకులు పడతాయి. కొన్ని ఇళ్లలో గంధపు చెక్క కూడా వేస్తారు. ఈ జాబితా పట్టుకుని కిరాణా కొట్టుకు వెళితే సగం సరుకు పేరే వినలేదంటారు. అదే బేగంబజార్‌లోనో మీర్ ఆలం మండీ వైపో మూలికలు అమ్మే కొట్టుకు వెళితే అన్నీ ఒకే అరలో ఉంటాయి. వట్టివేళ్లు ఎండాకాలం తడికలకు, దుంపరాష్ట్రం, చలవ మిరియాలు గొంతు బాగుండడానికి, గులాబీ రేకులు యునానీ మందులకు. చార్మినార్ పక్కనే యునానీ ఆస్పత్రి ఉన్న ఊరు ఇది. హకీముల కోసం నిలవ ఉంచిన సరుకే వంటవాళ్లకూ అందింది.

అక్కడ ఏది అడిగినా ముందు వచ్చే ప్రశ్న ఒకటే. "దేనికమ్మా, వంటకా, మందుకా?" వంటకని చెబితే చాలాసార్లు డబ్బా మారుతుంది. కాబట్టి ఆ ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలి. చూసుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. చలవ మిరియానికి చిన్న తోక ఉంటుంది, అది లేకపోతే మామూలు మిరియాలు కలిశాయేమోనని అనుమానించాలి. రాతిపువ్వును చేతిలో పట్టుకుని వాసన చూస్తే ఏమీ తెలియదు. నూనెలో పడితేనే పొగ, తడిమట్టి కలిసినట్టుండే ఆ పరిమళం బయటికొస్తుంది. వట్టివేళ్లు తడిస్తే గాని గుణం చూపవు. ఏదైనా గుప్పెడుకు మించి కొనకూడదు. ఇంట్లో ఏడాది దాచిన పరిమళ ద్రవ్యం చెత్తతో సమానం.

పొలాల్లో, చేల గట్ల మీద దొరికేవాటిదీ ఇదే దారి. తుమ్మికూర తినాలనుంటే ఆకుకూరల బండ్ల వెంట తిరగనక్కర్లేదు. వినాయక చవితి ముందురోజు తెలంగాణలో ఏ ఊరి అంగడిలోనైనా పత్రి అమ్మేవాళ్ల దగ్గర కట్టలు కట్టలుగా ఉంటుంది. "దేవునికా బిడ్డా, కూరకా?" అని అడిగిన ఒక పెద్దమ్మ, కూరకేనని చెప్పగానే నా చేతిలోని కట్ట తీసేసుకుని లేత కొసలున్న ఇంకో కట్ట పెట్టింది. పప్పులో వేస్తే ఆ సన్నటి చేదు నోటికి హితవుగా ఉంటుంది. నల్లేరు ఎముకల మందుగా పేరుపడ్డ తీగ. కంచెల మీద పాకేదాంట్లో లేత కణుపులు మాత్రమే పచ్చడికి పనికొస్తాయి. చేతికి నూనె రాసుకోకుండా తుంచితే దురద. బాగా వేయించి చింతపండు వేయకపోతే ఆ దురద గొంతుకూ తప్పదు. ఇక ఉలవచారు. ఎద్దులకు దాణాగా ఉడకేసిన ఉలవల నుంచి వంచిన నీళ్లే కదా మీగడ వేసుకు తినే ఆ చారుకు మొదలు! కృష్ణా జిల్లా రైతు ఇంట్లో పశువుల కొట్టానికీ వంటింటికీ మధ్య దూరం అంతే.

అయితే పరాయి కొట్లో కొనేటప్పుడు కొంచెం భయం ఉండాలి. చక్కెర పొంగలిలో వేసే పచ్చకర్పూరం, హారతి కర్పూరం ఒకే పూజాసామగ్రి కొట్లో పక్కపక్కనే ఉంటాయి. మొదటిది బియ్యపు గింజంత వేస్తే పొంగలికి గుడి ప్రసాదం వాసన వస్తుంది. రెండోది కడుపులోకి పోతే విషం. అత్తరు కలిపిన పూజ గంధం కూడా వంటకు పనికిరాదు. కొట్టువాడు నమ్మకంగా చెప్పలేకపోతే కొనకుండా వచ్చేయడమే మేలు. అప్పుడు ఆ వాసన లేకుండానే వండుకోవాలి.

హోటళ్ల వేటలోనూ నేను ఇదే సూత్రం పాటిస్తాను. కొత్త ఊళ్లో దిగి "ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని అడిగితే జనం నన్ను చూసి, నాకు తగిందనుకున్న ఏసీ హోటల్ చూపిస్తారు. "మీరు ఎక్కడ తింటారు?" అని అడిగితే మాట మారుతుంది. దానికన్నా నేను చూసేది, ఆ ఊళ్లో తినక తప్పనివాళ్లు ఎక్కడ ఉన్నారని. వాయిదా పిలిచేదాకా పల్లెల నుంచి వచ్చినవాళ్లు కాచుకుని కూర్చునే జిల్లా కోర్టు, బస్తాలు మోసే హమాలీలుండే గుంటూరు మిర్చి యార్డు, చీకటితోనే వేలం మొదలయ్యే విశాఖ ఫిషింగ్ హార్బరు. ఇలాంటి చోట్ల తినేవాడు రోజూ వస్తాడు, డబ్బు లెక్కచూసి ఇస్తాడు. నిన్నటి కూర ఇవాళ పెడితే రేపు రాడు. పాతబస్తీలో మదీనా సర్కిల్ చుట్టుపక్కల నహారీ తెల్లవారుజామునే దొరకడానికి కారణం కూడా తెల్లవారుజామునే ఆకలేసేవాళ్లుండడం. నమాజు ముగించుకున్నవాళ్లు, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు, కొట్లు తెరవబోయేవాళ్లు. ఎండెక్కాక తాపీగా వెళ్లేవాళ్లకు గిన్నె అడుగు మిగులుతుంది.

ఇంకో రకం కొరత ఉంది. వస్తువు దొరుకుతుంది గాని చెయ్యి దొరకదు. లేత పనసకాయ హైదరాబాద్‌లో కొనొచ్చు, పనసపొట్టు మాత్రం మా రాజమండ్రి వైపు కొట్టించినట్టు దొరకదు. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, జిగురు అంటకుండా, ఒకే సైజులో సన్నగా కొట్టడం ఏళ్లు పట్టే విద్య. మిక్సీలో వేస్తే ముద్దవుతుంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండుతో, పోపుతో మగ్గించి, పొయ్యి దించాక ఆవముద్ద కలిపితే ముక్కుకు ఎక్కే ఆ ఘాటు రావాలి. సెగ మీదుండగా కలిపితే చేదు తేలుతుంది. కొట్టడం చేతకానివాళ్లకు వండడం ఎంత బాగా వచ్చినా లాభం లేదు. అందుకే అటు వెళ్లినప్పుడు నేను కొనేది పనసకాయ కాదు, కొట్టే మనిషి పని.

తిండిప్రియులే ఒక సరుకుకు అసలు కొనుగోలుదారులైతే ఏమవుతుందో పులస చెబుతుంది. సముద్రంలో ఇలసగా తిరిగే చేప, గోదావరికి ఎర్రనీరు వచ్చాక గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా దాని కాలం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరం దాటి పైకి ఈదే దారి దానికి మూసుకుపోయింది. అంటే దొరికే చోటు తక్కువ, దొరికే రోజులు తక్కువ, పట్టేది గుడ్ల కోసం వచ్చే తల్లిచేపను. మనమేమో పుస్తెలమ్మైనా తినాలని సామెత చెప్పుకుంటూ ఒక్కో చేపకు వేలు పోస్తాం. ఆ ధరకు ఆశపడి ఒడిశా, బెంగాల్ ఇలస ఐసులో దిగి పులస పేరుతో అమ్ముడుపోతుంది. పులస పట్టిన జాలరి ఇంట్లో మాత్రం ఆ రోజు చిన్న చేపల పులుసే. పట్టిన పులసను ఇంట్లో వండుకునే స్తోమత అతనికి ఎక్కడిది?

అందుకని వెతకడం మానమని చెప్పను. నేను మానలేదు, మానను కూడా. కాకపోతే నాకు నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. మందుల కొట్లో నేను రెండో వరస కొనుగోలుదారును. వైద్యానికి కొనేవాళ్లు నిలబడి ఉంటే పక్కకు తప్పుకుంటాను. యార్డు దగ్గర మెస్సులో హమాలీలు తినే వేళకు బల్ల ఆక్రమించి ఫొటోలు తీయను, వాళ్లు లేచాకే కూర్చుంటాను. తుమ్మి కట్టకు పెద్దమ్మ చెప్పిన ధరకు బేరమాడను, అది ఏరి తెచ్చిన కష్టానికి అడిగిన డబ్బు. రాతిపువ్వు చెట్టు బెరడు మీద, రాళ్ల మీద ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, కాబట్టి కూరకు సరిపడా చాలు. గుడ్లున్న పులస వద్దంటాను. రుచి తెలిసినవాళ్లు అది తెలివితక్కువతనమంటే పడతాను.

ఈసారి ఏదైనా దినుసు దొరకక విసుగెత్తితే, దాన్ని ఎవరు అమ్ముతారని కాక, తిండికి కాకుండా ఇంకెందుకు వాడతారని అడిగి చూడండి. ఆ జవాబు మిమ్మల్ని కొట్టు దాకా తీసుకెళుతుంది. మీకన్నా ముందు నుంచి అది ఎవరి అవసరమో కూడా చెబుతుంది. ఆ రెండో సంగతి గుర్తుపెట్టుకున్నవాళ్లకే మళ్లీ వెళ్లినప్పుడు మంచి డబ్బా మూత తీస్తారు.