గాలిమర నిలిపిన చాలునా?

బెళుగుప్ప ప్రాంతమున వేరుసెనగ చేల నడుమ, గట్లమీద, గాలిమరలు కనబడును. వాన ముఖము చాటువేసిన ఏడు కూడ నైరృతి గాలి ఈ పీఠభూమిని మరువదు. కనుకనే ఇచ్చట గాలి నుండి విద్యుత్తు తీయుచున్నారు. అయితే ఇట్టి పథకములను నిలిపిన మెగావాట్లతోనే కొలుచు పద్ధతి సరియైనదా అని విచారింపవలసి యున్నది.

మెగావాట్లు యంత్రమునకు గల శక్తిని చెప్పును. ఇంటికి చేరిన విద్యుత్తును చెప్పవు. గాలిమరల విద్యుత్తు 33 కిలోవోల్టుల తీగెలపై సబ్‌స్టేషను చేరును. అచ్చట దానిని 220 కిలోవోల్టులకు పెంచి, ఉరవకొండలోని 400 కిలోవోల్టుల కేంద్రము వంటి వానిద్వారా గ్రిడ్డునకు పంపుదురు. వోల్టేజి సుమారు ఏడు రెట్లు పెరిగినచో, అదే శక్తిని మోయుటకు ఏడవవంతు ప్రవాహము చాలును. తీగె వేడెక్కుటవలన కలుగు నష్టము ప్రవాహపు వర్గమును బట్టి యుండును. కాబట్టి అదే తీగెలో నష్టము దాదాపు 44వ వంతునకు తగ్గును. ఈ పెద్ద లైను సిద్ధము కానిచో, గాలి ఎంత వీచినను మరలను ఆపవలసినదే.

ప్రభుత్వము ఈ సంగతి ఎరుగకపోలేదు. హరిత విద్యుత్ కారిడార్ల మొదటి దశలో, మన రాష్ట్రముతో కలిపి ఎనిమిది రాష్ట్రములలో, సుమారు 9,700 సర్క్యూట్ కిలోమీటర్ల లైన్లను తలపెట్టిరి. ఆలోచన మెచ్చదగినది. నిర్వహణను అట్లు మెచ్చలేము. 2020లో ముగియవలసిన పనులకు పలుమారులు గడువు పెంచవలసి వచ్చినది.

కారణము తేలికగానే తెలియును. గాలిమరకు ఒకచోట కొన్న స్థలము చాలును. లైను వందలమంది రైతుల చేలను దాటవలెను. టవరు క్రింది భూమి రైతు పేరనే యుండును, సేద్యము మాత్రము తగ్గును. ఆ భూమి విలువలో 85 శాతము పరిహారముగా ఇమ్మని 2015లో కేంద్రము సూచించెను. 2024లో దానిని 200 శాతమునకు పెంచెను. మొదటి లెక్క చాలదని కేంద్రమే అంగీకరించినట్లు కాదా? అయినను ఇవి సూచనలే. రాష్ట్రము స్వీకరించిననే రైతుకు అందును.

బావిలో నీరున్న చాలదు, కాలువ కూడ త్రవ్వవలెనని మన రైతుకు ఎవరును నేర్పనక్కరలేదు. ఇంజనీర్లు కూడ ఆ క్రమమునే పాటింపవలెను. మొదట లైను మార్గమును నిర్ణయించి, పరిహారమును చెల్లించి, పిమ్మట యంత్రములను తెప్పింపవలెను. ఏటేట నిలిపిన మెగావాట్లతోబాటు గ్రిడ్డునకు చేరిన యూనిట్లను కూడ ప్రకటింపవలెను. అప్పుడు గాని పథకము నిజముగా ఎంత ఫలించినదో ప్రజలకు తెలియదు.