‘జీవియస్’ ఆటలో చలన సూత్రములు

నాణెము వేసి ఆడు వీడియో ఆటలలో ‘జీవియస్’కు ప్రత్యేక స్థానము గలదు. మసనోబు ఎండో రూపొందించిన ఈ అంతరిక్షయుద్ధ క్రీడను జపానులోని నామ్కో సంస్థ 1982-83లో విడుదల చేసినది. అదే సంస్థ 1979లో తెచ్చిన ‘గెలాక్సియన్’లో వెనుక కనిపించునది నక్షత్రాకాశమే. ఇందులోనైతే అడవులు, నదులు, పెరూ దేశపు నాస్కా పక్షిరేఖాచిత్రము సైతము తెరపై నుండి క్రిందికి సాగిపోవును.

నిజమునకు తెరపై జరుగునది నేలయే. అయినను నౌకయే ఎగురుచున్నట్లు తోచును. సాపేక్ష చలనమునకు ఇది చక్కని ఉదాహరణము.

బాంబు విషయమున మాత్రము ఈ ఆట తప్పుదారి పట్టించును. నేలమీది శత్రువులపై విడిచిన బాంబు నౌకను దాటి, ముందున్న గురిగుర్తును చేరును. న్యూటన్ మొదటి నియమము ప్రకారము, జారవిడిచిన వస్తువు తనకున్న ముందు వేగమును కోల్పోదు. ఒక విమానము 500 మీటర్ల ఎత్తున, సెకనుకు 100 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. దాని నుండి విడిచిన వస్తువు నేల చేరుటకు సుమారు 10 సెకన్లు పట్టును. అంతలో వస్తువు 1000 మీటర్లు ముందుకు పోవును. విమానమును అంతే దూరము పోవును. గాలి నిరోధము లేనిచో వస్తువు సరిగా విమానము క్రిందనే పడును. ముందు పడవలెనన్న, దానిని విసరవలెను.

విడిచిన వస్తువు వెనుకబడునని పలువురు విద్యార్థులు పొరబడుదురు. ఈ ఆట అందుకు ఎదురైన మరొక పొరపాటును కంటికి అలవాటు చేయును. క్రీడగా ఇది మేలైనదే. పాఠముగా వాడునపుడు ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయవలెను: ఆ బాంబును ముందుకు నెట్టిన బలమేది?