బాఖ్ రాయకుండా వదిలినవి

అచ్చులో అరపేజీ చాలు. 20 బార్లు, దాదాపు వంద స్వరాలు. ఎంత వేగంగా వాయించాలో రాసి లేదు. ఎక్కడ నాదం పెంచాలో, ఎక్కడ తగ్గించాలో లేదు. విషాదంగా వాయించమన్న మాట అసలే లేదు. అయినా యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అయిదో చెల్లో సూట్‌లోని సారబాండ్ విని ఉల్లాసంగా ఉందని ఎవరూ అనరు. కాగితం మీద లేని భావం చెవికి ఇంత కచ్చితంగా ఎలా అందుతోంది?

జర్మనీలోని కోటెన్ సంస్థానంలో కొలువు చేస్తున్న రోజుల్లో, 1720 ప్రాంతంలో, బాఖ్ పక్కవాద్యం లేని చెల్లో కోసం ఆరు సూట్లు కూర్చాడు. ఆయన స్వహస్తంతో రాసిన చెల్లో ప్రతి దొరకలేదు. భార్య అన్నా మాగ్దలేనా ఎత్తి రాసిన ప్రతే ఇప్పటికీ ముఖ్య ఆధారం. ఒక్కో సూట్ ప్రెల్యూడ్‌తో మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చేవన్నీ నాట్యాల పేర్లే.

ఆ పేరులోనే కాలప్రమాణం ఉంది. గాయకుడు పల్లవి ఎత్తుకోగానే మార్దంగికుడికి నడక అందినట్టు, సారబాండ్ అన్న మాట చూడగానే ఆనాటి వాద్యకారుడికి వేగం తెలిసిపోయేది. వేగాన్ని కొలిచే మెట్రోనోమ్‌కి మేల్జెల్ పేటెంటు తీసుకున్నది 1815లో. బాఖ్ 1750లోనే కన్నుమూశాడు. సారబాండ్ మొదట్లో చురుకైన నాట్యం. అశ్లీలమని 1583లో స్పెయిన్‌లో దాన్ని నిషేధించారు. ఫ్రెంచి రాజాస్థానం చేరాక అదే నాట్యం నెమ్మదించి, హుందాతనం తెచ్చుకుంది. బారుకు మూడు దెబ్బలు, బరువు రెండో దెబ్బ మీద.

బాఖ్ ఇక్కడ ఆ బరువును దాచేశాడు. ఎక్కువ బార్లలో మొదటి రెండు దెబ్బలకు నాలుగు చిన్న స్వరాలు, మూడో దెబ్బకు ఒక పొడుగు స్వరం. అడుగు వెయ్యబోయి ఆగినట్టుంటుంది. కళాకారుడి పరీక్ష కూడా అక్కడే. మరీ సాగదీస్తే మూడు దెబ్బల లెక్క చెదిరి, స్వరాలు దేనికది విడిపోతాయి. తొందరపడితే దూరదూరపు గెంతులు సాధన పాఠంలా వినిపిస్తాయి. అందుకే ఒకరు మూడు నిమిషాల్లో ముగిస్తే మరొకరు నాలుగు దాటిస్తారు. లోపల నాట్యం నడక వినిపిస్తున్నంత వరకూ ఇద్దరిదీ ఒప్పే.

ఇక కీ. ఇది సి మైనర్. సి ని షడ్జం అనుకుంటే మైనర్ స్కేలు మన నటభైరవి మెట్లతో సరిపోతుంది. షడ్జానికి చేరేటప్పుడు నిషాదాన్ని అరమెట్టు పైకి జరిపితే కీరవాణి అవుతుంది. బాఖ్ రెండు నిషాదాలనూ వాడతాడు.

అసలు కిటుకు శ్రుతి చెయ్యడంలో ఉంది. చెల్లో నాలుగు తీగలు మామూలుగా సి, జి, డి, ఎ. ఈ సూట్‌కి పై తీగను ఒక స్వరం దించి జి చెయ్యమన్నాడు బాఖ్. మన లెక్కలో ఎ చతుశ్రుతి ధైవతం, సి మైనర్ స్కేలుకి కావలసింది శుద్ధ ధైవతం. అంటే ఖాళీ తీగ మోగితే స్కేలుకి పరాయి స్వరం పలుకుతుంది. దాన్ని పంచమానికి దించడంతో తీగలు స, ప, రి, ప అయ్యాయి. రెండు పంచమాలు స్థాయి భేదంతో ఒకదానికొకటి అనురణనం ఇస్తాయి. బిగువు తగ్గిన పై తీగలో మెరుపు తగ్గి, నాదం కాస్త మసకబారుతుంది. దించిన తీగ మీది స్వరాలను వేళ్ల లెక్క ప్రకారం ఒక మెట్టు పైన రాస్తారు కాబట్టి, కంటికి కనపడేదొకటి, చెవికి వినపడేదొకటి. ఆ చిక్కు వద్దనుకుని మామూలు శ్రుతిలోనే వాయించేవాళ్లూ చాలామంది ఉన్నారు.

మిగిలిన అయిదు సూట్లలోని సారబాండ్‌లలో రెండు మూడు తీగలు కలిపి పలికించే కార్డులు ఉంటాయి. ఇందులో ఒక్కటీ లేదు. ఒంటి స్వరం కింది నుంచి పైకి, పై నుంచి కిందికి గెంతుతుంటే, వినిపించని కార్డులను వినేవాడి మనసే పూరించుకుంటుంది. మొదటి సగం చివర ఇ ఫ్లాట్ మేజర్ చేరుతుంది. నటభైరవి గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం వచ్చినట్టే ఇదీ. ఆ కాస్త వెలుగూ ఎంతోసేపు నిలవదు, రెండో సగం తిరిగి సి మైనర్‌లోకి దిగుతుంది.

ఆసరా లేని చోట పొరపాటు దాగదు. గెంతు తర్వాత వేలు వెంట్రుకవాసి తప్పినా అపశ్రుతి బయటపడుతుంది. గమకంతో సర్దుకునే వీలు లేదు. కమాను బరువు పొడుగు స్వరం చివర ఎలా తగ్గుతుందన్న దాని మీదే తర్వాతి బారు ఊపిరి ఆధారపడి ఉంటుంది.

ఈ సూట్లు చాలాకాలం సాధన పాఠాలుగానే చలామణి అయ్యాయి. 1890లో పదమూడేళ్ల చెల్లో విద్యార్థి పాబ్లో కసాల్స్‌కి బార్సిలోనాలోని ఒక పాత పుస్తకాల దుకాణంలో వీటి ప్రతి దొరికింది. ఏళ్ల తరబడి సాధన చేసి వేదిక ఎక్కించాడు. 1936, 1939 మధ్య ఆరింటినీ రికార్డు చేశాడు.

2002 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలిన చోట మృతుల పేర్లు చదవడం మొదలుపెట్టినప్పుడు, చెల్లో విద్వాంసుడు యో-యో మా వాయించింది ఈ సారబాండే. మాటల కింద వాయించే సంగీతం మాటలను కమ్మేస్తే పనికిరాదు. పేరుకీ పేరుకీ మధ్య చోటు కావాలి. ఆ చోటు బాఖ్ మూడో దెబ్బలో ఎప్పుడో వదిలిపెట్టాడు.