క్లాప్ బోర్డు, నీటి గేజీ

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర గట్టి వాన పడితే ఆ నీళ్ళు అక్కడ నిలవవు. కింద రాయి, పైన కాంక్రీటు. ఇంకే చోటు లేక వాలు పట్టుకుని దిగిపోతాయి: కొన్ని దుర్గం చెరువు వైపు, కొన్ని ఫిల్మ్‌నగర్ కిందుగా షేక్‌పేట వైపు, తూర్పు వాలువి మాత్రం కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వీధుల్లోకి. సినిమా ఆఫీసులు గుట్ట మీద, అసిస్టెంట్ డైరెక్టర్ల గదులు గుట్ట కింద. పైన కురిసిన వాన కింద మోకాటిలోతు. ఈ ఊళ్ళో జలశాస్త్రం నేర్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు, కృష్ణానగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ గది అద్దెకు తీసుకుంటే చాలు.

నేనిక్కడ పక్కపక్కన పెట్టి చూడబోయేది రెండు చేరికల్ని. ఒకటి పాతది, ఒక దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా చేరడం. రెండోది ఈ పదేళ్ళలో ఊపందుకున్నది, మెషీన్ లెర్నింగ్‌తో నదుల్నీ వరదల్నీ అంచనా కట్టే యూనివర్సిటీ ల్యాబులో చేరడం. రెండింటికీ హైదరాబాదే చిరునామా. ఫిల్మ్‌నగర్ నుంచి ఓ అరగంట ప్రయాణంలో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, అందులో స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ల్యాబు. కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో జలవనరుల కేంద్రం. ఊరు దాటితే కందిలో ఐఐటీ. ఈ రెండు లోకాలకీ పోలికేమిటని అడగొచ్చు. నాకు చాలానే కనపడ్డాయి. చివరికి ఎక్కడ విడిపోతాయో అదే అసలు సంగతి.

గుమ్మం దగ్గర తేడా స్పష్టం. సినిమాకి నోటిఫికేషన్ ఉండదు. ఆఫీసు బయట నిలబడాలి, మేనేజరుతో పరిచయం పెంచుకోవాలి, ఏదో ఒక రోజు లోపలి నుంచి పిలుపు రావాలి. పూరి జగన్నాథ్ ‘నేనింతే’ 2008లో ఈ నిరీక్షణ చుట్టూ తీసిందే. ల్యాబుకి గేట్ స్కోరుంది, ట్రిపుల్ ఐటీకైతే పీజీఈఈ పరీక్ష ఉంది, 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకి (జేఆర్‌ఎఫ్) నెలకి 37 వేలు అని కాగితం మీద రాసుంది. సినిమాలో అసిస్టెంటు జీతం గురించి కాగితం మీద రాసింది ఎవరైనా చూసుంటే నాకూ చూపించండి.

అయితే ఈ పరీక్షలన్నీ గేటు వరకే. ఫలానా ప్రొఫెసర్ గదిలోకి వెళ్ళడం ఫలానా డైరెక్టర్ ఆఫీసులోకి వెళ్ళడం లాంటిదే. ‘‘సార్, మీ సినిమాలన్నీ చూశాను’’ అనే కుర్రాణ్ణి ఏ దర్శకుడూ నమ్మడు. ‘‘మీ పరిశోధన నన్నెంతో ఆకర్షించింది’’ అంటూ ముప్పైమందికి ఒకటే మెయిలు కొట్టే విద్యార్థి గతీ అంతే. దర్శకుడు ‘‘ఈ సీను రాసుకురా’’ అంటాడు. ప్రొఫెసర్ ‘‘ఈ పేపర్లోని ఫలితాన్ని నువ్వు మళ్ళీ రప్పించి చూపించు’’ అంటారు. సినిమాలో రీమేక్ అంటే సొంత కథ లేనివాడి పనని ఓ చిన్నచూపు. ల్యాబులో రీమేక్‌తోనే ఓనమాలు. పైగా అక్కడ నెగెటివ్ తాళం వేసి దాచరు: న్యూరల్‌హైడ్రాలజీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు, అమెరికాలో వందల నదీ పరీవాహక ప్రాంతాల సమాచారమున్న కామెల్స్ అనే డేటాసెట్టు ఉచితం, మన ద్వీపకల్పంలోని 472 పరీవాహక ప్రాంతాలకి 1980 నుంచి 2020 దాకా సమాచారం కూర్చిన కామెల్స్-ఇండ్ కూడా వచ్చేసింది. ఎవరి సిఫార్సూ లేకుండా పని మొదలుపెట్టగలగడం చిన్న విషయం కాదు. ఇందులో ఫిల్మ్‌నగర్ పోటీకే రాదు.

లోపలికెళ్ళాక మొదటి ఏడాది చేసే పని విషయంలో మాత్రం ఈ రెండూ కవలపిల్లలు. బయటివాళ్ళకి ఈ సంగతి తెలియదు.

కొత్త అసిస్టెంటు చేతికి క్లాప్ బోర్డు ఇస్తారు, తర్వాత కంటిన్యుటీ పుస్తకం. సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు. హీరో వాచీ ఏ చేతికుంది, గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయి, చొక్కా పైగుండీ పెట్టుందా లేదా. మంగళవారం గుమ్మం బయట తీసిన షాటుకి కొనసాగింపు మూడు వారాల తర్వాత అన్నపూర్ణ స్టూడియోలో వేసిన సెట్టు లోపల తీస్తారు. మధ్యలో వాచీ చెయ్యి మారితే ఎడిటింగ్ టేబుల్ దగ్గర తిట్లు అసిస్టెంటుకే.

ల్యాబులో చేరిన కుర్రాడు న్యూరల్ నెట్‌వర్కుల మీద కలలు కంటూ వస్తాడు. అతని చేతిలోనూ పెట్టేది కంటిన్యుటీ పుస్తకమే, పేరు మాత్రం డేటా క్లీనింగ్. నది మట్టం కొలిచే ఒక గేజీ పదకొండు రోజులు ఒకే అంకె చూపిస్తుంది: నది కదలక కాదు, పరికరం ఇరుక్కుపోయి. ఇంకోచోట సరిగ్గా వరద రోజునే ఖాళీ, ఎందుకంటే కొలిచే యంత్రమే కొట్టుకుపోయింది. అన్నిటికంటే చమత్కారమైనది రోజు లెక్క. భారత వాతావరణ శాఖ వర్షపు రోజు ఉదయం ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. ఉపగ్రహ సమాచారం చాలావరకు గ్రీనిచ్ అర్ధరాత్రి లెక్కన నడుస్తుంది, అంటే మనకి ఉదయం అయిదున్నర. మధ్యలో మూడు గంటల తేడా. తెల్లవారుజామున ఆరుకి పడ్డ వాన ఒక ఫైల్లో ముగియబోతున్న రోజుది, ఇంకో ఫైల్లో అప్పుడే మొదలైన రోజుది. ఇది చూసుకోని విద్యార్థి మోడల్‌కి, వాన పడకముందే నదికి వరదొచ్చినట్టు కనపడుతుంది. సినిమా భాషలో చెప్పాలంటే వాచీ చెయ్యి మారింది. తేడా ఏమంటే, హీరో వాచీ మారితే థియేటర్లో ఎవడో ఒకడు కనిపెట్టి నవ్వుతాడు. ఇక్కడ నవ్వేవాడు లేడు. మోడల్ ఆ తప్పునీ శ్రద్ధగా నేర్చేసుకుంటుంది.

వాన మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. షూటింగులో వాన కావాలంటే ట్యాంకరొస్తుంది, పైపులొస్తాయి, అయినా వెనక నుంచి లైటు కొట్టకపోతే కెమెరాకి వాన కనపడదు. నిజం వాన కూడా అంతే, ఏదో ఒక గేజీలో పడితేనే మోడల్‌కి ఉన్నట్టు. వాతావరణ శాఖ 1901 నుంచీ ఉన్న లెక్కల్ని గళ్ళుగా పేర్చి ఇస్తున్న రోజువారీ వర్షపాతంలో ఒక్కో గడి పావు డిగ్రీ, దగ్గర దగ్గర 27 కిలోమీటర్ల పొడవు. అంత గడిలో ఫిల్మ్‌నగరూ కృష్ణానగరూ విడివిడిగా కనపడవు. నగరంలో ఒక బస్తీ తడిసి పక్క బస్తీ పొడిగా ఉన్న సాయంత్రాలు మనమెన్ని చూడలేదు!

జ్ఞాపకం విషయంలో పోలిక ఇంకా లోతుకి పోతుంది. ఈ ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఎల్‌ఎస్‌టీఎమ్ అనే నెట్‌వర్కుని హోక్‌రైటర్, ష్మిడ్‌హూబర్ 1997లో ప్రతిపాదించారు. దానికి నీళ్ళతో సంబంధమే లేదు. ఏది గుర్తుంచుకోవాలో ఏది మరిచిపోవాలో అంకెల్ని చూసి తనే తేల్చుకునే యంత్రం అది. 2018లో క్రాట్‌జెర్ట్, మరికొందరు కలిసి దానికి ఏడాది వానలు, ఉష్ణోగ్రతలు ఇచ్చి నదీ ప్రవాహం అడిగితే, దశాబ్దాలుగా వాడుతున్న పాత మోడళ్ళకి దీటుగా చెప్పింది. పైగా లోపలి కణాల్లో ఒకటి మంచు పేరుకోవడం, కరగడం లాగా ప్రవర్తించింది. మంచు గురించి ఎవరూ దానికి చెప్పలేదు. నేల తడి గుర్తుంచుకుంటుంది, చెరువు గుర్తుంచుకుంటుంది; తొలకరి వానకి పారని వాగు అదే వాన భాద్రపదంలో పడితే పొంగడం అందుకే. ఆ వరస యంత్రానికి పట్టుబడింది.

మన సినిమాకీ జ్ఞాపకం ఎక్కువే. కథాచర్చల్లో కూర్చుంటే తెలుస్తుంది: ‘‘ఇలాంటి ఇంటర్వెల్ ఫలానా సినిమాలో పేలింది’’, ‘‘ఈ తరహా ఫ్లాష్‌బ్యాక్ ఆడదు’’. పాత హిట్ల మీద శిక్షణ పొందిన మోడలే ఆ గది. కాకపోతే ఎల్‌ఎస్‌టీఎమ్‌కున్నట్టు మరచిపోయే ద్వారం లేదు దానికి. ఒకసారి ఆడిన ఫార్ములా పదిసార్లు దెబ్బ తిన్నా గుర్తుండిపోతుంది, పదిసార్లు తిన్న దెబ్బ మాత్రం గుర్తుండదు.

ఇక్కడే దారులు చీలాయి. ఫ్లాప్ అయిన సినిమా గురించి పరిశ్రమ చెప్పే కారణాలు ఎప్పుడూ తర్వాత తయారైనవే: రిలీజ్ డేటు, పరీక్షల సీజను, పక్క సినిమా. సక్సెస్ మీట్‌లు ఉన్నాయి, ఫెయిల్యూర్ మీట్ ఎవరూ పెట్టరు. ల్యాబులో మాత్రం తప్పుని ముందే ఒప్పుకునే ఏర్పాటుంది. ఇన్నేళ్ళ డేటా నేర్చుకోవడానికి, ఇన్నేళ్ళది పరీక్షకి దాచిపెట్టు, దాన్ని తాకకు. నాష్, సట్‌క్లిఫ్ 1970లో ఇచ్చిన కొలబద్ద ఇప్పటికీ వాడతారు: ఒకటి వస్తే అక్షరాలా సరిపోయినట్టు, సున్నా వస్తే ఈ మోడల్ కంటే రోజూ సగటు చెప్పుకుంటూ కూర్చున్నా నష్టం లేనట్టు.

ల్యాబులన్నీ సత్యహరిశ్చంద్రులని నేననను. దాచిన ఏళ్ళని మెల్లగా ఓ కన్నేసి చూడటం, బాగా వచ్చిన నదుల బొమ్మలే పేపర్లో అచ్చేయడం అక్కడా ఉన్నాయి. ఆ కొలబద్దకే ఒక లొసుగుంది. ఏడాది పొడుగునా మామూలు రోజులు బాగా చెప్పి, ముంచెత్తే ఆ ఒక్క రోజు తక్కువ చెప్పినా మొత్తం మార్కు మర్యాదగానే కనపడొచ్చు. ఫస్టాఫ్ బాగుంది, క్లైమాక్స్ తుస్సుమంది అన్నట్టు. వరద విషయంలో జనానికి కావలసింది క్లైమాక్సే.

హైదరాబాదు క్లైమాక్సులు మూడు చెబుతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత. మొదటిదాని తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన మొదట చేసింది కట్టడం కాదు, ఏరడం: ఎక్కడ ఎంత వాన పడింది, మూసీ పరీవాహకంలో ఎన్ని చెరువులున్నాయి, వాటిలో తెగినవెన్ని. 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. ఆ లెక్క మీదే 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆయన దగ్గర మెషీన్ లెర్నింగ్ లేదు, కంటిన్యుటీ పుస్తకం ఉంది. ల్యాబులో చేరదామనుకునేవాడు ప్రొఫెసర్ పేపర్ల సంఖ్య కంటే ముందు చూడవలసింది ఇదేనంటాను: ఆ గదిలో చివరిసారి గేజీ దగ్గరికి ఎవరు వెళ్ళారు, ఎప్పుడు? లొకేషను చూడకుండా సీను రాసే రచయితలాగా, నదిని చూడకుండా నదిని అంచనా కట్టే ల్యాబులూ ఉన్నాయి.

ఏ నది అన్నదీ ముఖ్యమే. భద్రాచలం దగ్గర గోదావరి స్టార్ హీరో. 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు, 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అని జనం నోటికి అప్పజెబుతారు. ఎగువన స్టేషన్లున్నాయి, దశాబ్దాల రికార్డుంది, నీళ్ళు దిగి రావడానికి సమయం పడుతుంది కనక రోజువారీ మోడల్ కూడా పనికొస్తుంది. డేటా ఉన్న నదికే కొత్త మోడళ్ళు, కొత్త మోడళ్ళున్న నదికే నిధులు. మార్కెట్ ఉన్న హీరోకే డేట్లు అడగడం లాంటిదే ఇదీ. కృష్ణానగర్ వీధి కొత్తముఖం. గుట్ట మీద పడ్డ వాన గంటలోపే కిందికి చేరుతుంది. రోజుకొక అంకె చెప్పే మోడల్ నిద్ర లేచేసరికి అక్కడ బురద కడుక్కుంటూ ఉంటారు. కొలతలు లేని పరీవాహకాల్ని అంచనా కట్టడం జలశాస్త్రంలో పాత సమస్య. అంతర్జాతీయ జలశాస్త్ర సంఘం 2003 నుంచి 2012 దాకా ఒక దశాబ్దమే దానికి కేటాయించింది. పెద్ద నదుల విషయంలో మెషీన్ లెర్నింగ్ దాన్ని కొంత లొంగదీసింది కూడా. గల్లీ దగ్గరికింకా రాలేదు.

పేరు దగ్గర తక్కెడ అటూ ఇటూ ఊగుతుంది. అసిస్టెంటు రాసిన సీను తెర మీద ఇంకొకరి పేరుతో ఆడుతుంది, అతనికి మిగిలేది ‘కథా సహకారం’, అదీ ఉంటే. ల్యాబులో పని చేసిన విద్యార్థి మామూలుగా పేపర్‌కి మొదటి రచయిత, గురువు పేరు చివర. ఇంత న్యాయం ఫిల్మ్‌నగర్‌లో చూడలేదు. కానీ సినిమా ఎండ్ టైటిల్స్‌లో డ్రైవర్లు, లైట్‌మెన్లు, ప్రొడక్షన్ బాయ్‌ల పేర్లు దొర్లుతాయి. లేచిపోతున్న జనం చూడరు, అయినా దొర్లుతాయి. వరద రాత్రుల్లో టార్చి పట్టుకుని గంటగంటకీ గేజీ చదివి రాసే మనిషి పేరు ఏ పేపర్లోనూ నాకు కనపడలేదు. ‘కేంద్ర జలసంఘానికి కృతజ్ఞతలు’ అని ఓ వాక్యం ఉంటుంది, అంతే.

2020 అక్టోబరు నీళ్ళు కృష్ణానగర్‌లో ఏ గడప దగ్గర ఎంతవరకు లేచాయో వీధి వీధికీ కొలిచిన గేజీ లేదు. గోడల మీద చారలు ఉండేవి, సున్నాలు వేసేశారు. ఆ ఏడు ఆ గదుల్లో ఉన్న అసిస్టెంట్లని అడిగితే మాత్రం చెబుతారు. గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయో రాసుకోవడం వాళ్ళకి అలవాటే కదా. గచ్చిబౌలి నుంచి ఓ టేపు పట్టుకుని ఎవరైనా ఇటు వస్తే, టీ ఖర్చు తప్ప ఇంకేం కాదు.