ఎడారిలో ఏకాంతం ఎవరిది?

ఎడ్వర్డ్ అబీ రాసిన ‘డెజర్ట్ సాలిటైర్’ (1968) అమెరికా ఎడారి సాహిత్యంలో పవిత్ర గ్రంథంలా చలామణీ అవుతోంది. యూటాలోని ఆర్చెస్‌లో రేంజర్‌గా పనిచేసిన రోజుల గురించిన పుస్తకం. ఎర్రరాళ్ళు, జూనిపర్ చెట్టు, పాము, నిశ్శబ్దం, వాటి మధ్య ఒంటరి మగవాడు. వచనం బాగుంటుంది, కాదనను. పార్కుల్ని కార్లకి అప్పగించేస్తున్నారన్న కోపం కూడా న్యాయమైనదే. కానీ ఆ ట్రైలర్‌లో కొంతకాలం అతని భార్య, పసివాడైన కొడుకు కూడా ఉన్నారని జీవిత చరిత్రకారులు చెబుతున్నారు. పుస్తకంలో వాళ్ళు దాదాపు కనపడరు. ఆ వేడిలో పిల్లవాడిని ఎవరు సముదాయించారో మనకి తెలీదు. ఏకాంతం కావాలంటే ముందు కొందరిని చెరిపెయ్యాలి కాబోలు!

2024 మార్చిలో ముగ్గురు స్నేహితురాళ్ళం లాస్ ఏంజెలస్ నుంచి కార్లో జాషువా ట్రీ, మొహావీ, డెత్ వ్యాలీ తిరిగినప్పుడు ఈ పుస్తకం నా సంచీలో ఉంది. మాలో ఒకామె ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటోంది. “ఈ రోడ్డు మీదకి నాలుగుసార్లు వచ్చాను. పులిహోర డబ్బాలు, పిల్లల టోపీలు చూసుకోవడమే సరిపోయేది. స్టీరింగ్ పట్టుకోవడం ఇదే మొదలు” అంది. గోల్డెన్ కాన్యన్‌లో పసుప్పచ్చ మట్టిగోడల మధ్య ఎక్కుతుంటే అందరికంటే ముందు నడిచింది కూడా ఆమే. అబీ ఏకాంతం గురించి ఆమెతో వాదించే అవసరం నాకు రాలేదు.

అబీ కంటే 65 ఏళ్ళ ముందే, 1903లో, మేరీ ఆస్టిన్ ‘ద లాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్’ రాసింది. డెత్ వ్యాలీకి పడమట ఉన్న ఓవెన్స్ లోయలో కాపురం ఉంటూ రాసిన పుస్తకం. ఆమె ఎడారి ఖాళీ కాదు. నీటి కాలిబాటలు, గొర్రెల కాపర్లు, గనుల వేటగాళ్ళు, బుట్టలల్లే పైయూట్ స్త్రీ సెయావీ ఉంటారు. మగతోడు లేకుండా కొడుకుని పెంచుకున్న సెయావీని ఆస్టిన్ జాలితో కాదు, గౌరవంతో చూస్తుంది. ఒంటరితనమంటే మనుషుల్లేకపోవడం కాదని నాకు అర్థమైంది ఆ వ్యాసం వల్లే. అయినా అక్కడా మాట్లాడేది ఆస్టినే. సెయావీ మాటలు ఆమె చేతిమీదుగానే మనకి అందుతాయి.

డెత్ వ్యాలీ టింబిషా షోషోనీల ఊరు. 1933లో ప్రభుత్వం ఆ లోయని జాతీయ స్మారక ప్రదేశంగా ప్రకటించినప్పుడు వాళ్ళ నేల వాళ్ళది కాకుండా పోయింది. 1994లో అది నేషనల్ పార్కయింది. 2000లో వచ్చిన చట్టంతో సుమారు 7,700 ఎకరాలు తిరిగి దక్కాయి. అందులో పార్కు లోపల ఫర్నెస్ క్రీక్ దగ్గరున్న నేల కొంచెమే. ఆ పోరాటంలో ముందు నిలిచిన పెద్దామె పౌలిన్ ఎస్టెవెస్. ‘మరణ లోయ’ అన్న పేరే ఆమెకి అభ్యంతరం. తరతరాలుగా మనుషులు బతికిన చోటుకి చావు పేరేమిటి? మేం వెళ్ళినప్పుడు, సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువనున్న బ్యాడ్‌వాటర్‌లో, 2023 ఆగస్టు తుఫాను తర్వాత ఏర్పడిన సరస్సు ఇంకా మిగిలే ఉంది. చెప్పులు విప్పి అందులో నడిచాం.

తిరుగు దారిలో ఒక పుస్తకాల షాపులో అబీ మూడు కాపీలు, ఆస్టిన్ ఒకటి కనిపించాయి. ఎస్టెవెస్ మాటల కోసం ఇంటికొచ్చాక పాత ఇంటర్వ్యూలు వెతుక్కున్నాను.